268 ఓట్లు, 45 రోజులు

(2025 సెప్టెంబర్‌లో జరిగిన స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంజినీర్ను కాబట్టి చెరువుల గురించో, 111 జీవో గురించో మాట్లాడతానని కమిటీవాళ్లు అనుకున్నారు. ఆ రెండూ మన చేవెళ్ల, మొయినాబాద్ వాళ్లకు నాకంటే బాగా తెలుసు. ఉద్యోగంలో ముప్పై ఏళ్లుగా ఎలక్షన్ డ్యూటీ పడుతూనే ఉంది. ఆ డ్యూటీల కోసం చదివిన చట్టం, చదివాక అలవాటైన కోర్టు తీర్పులు, వాటి గురించి నాలుగు మాటలు చెబుతాను. పార్టీల పేర్లు వస్తాయి. ఏ పార్టీవైపూ మాట్లాడను. ఇక్కడ అన్ని పార్టీల వాళ్లూ ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లే ఉన్నారు.

2023 డిసెంబర్ 3న మన చేవెళ్ల అసెంబ్లీ ఫలితం వచ్చింది. బీఆర్ఎస్ తరఫున కాలె యాదయ్య గారు, కాంగ్రెస్ తరఫున పామెన భీంభరత్ గారు. చెరొకరికి 75 వేలు దాటి ఓట్లు పడ్డాయి. తేడా 268. ఈ షామియానా కింద ఇప్పుడు అంతకంటే ఎక్కువమందిమి ఉన్నాం. చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి, షాబాద్, నవాబ్‌పేట, ఐదు మండలాలు కలిసి ఇచ్చిన తీర్పు ఇంత సన్నని దారం మీద నిలబడింది. ఇంతకంటే సన్నని దారాలూ ఉన్నాయి. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానంలో కొణతాల రామకృష్ణ గారు 9 ఓట్లతో గెలిచారు. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో సి.పి. జోషి గారు ఒక్క ఓటుతో ఓడిపోయారు.

అప్పట్లో నన్ను చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే. ఇంత తక్కువ తేడా వస్తే కోర్టుకు పోవచ్చు కదా అని. పోవచ్చు. కానీ తేడా తక్కువ ఉండటం కారణం కాదు. ఏ తప్పు జరిగింది, అది ఫలితాన్ని ఎలా మార్చింది అన్నది ముఖ్యమైన వాస్తవాలతో సహా రాసివ్వాలి. అనుమానం ఉంది, మళ్లీ లెక్కపెట్టండి అంటే కోర్టు వినదు. లెక్కింపు హాల్లోనే, మొత్తం ఓట్లు ప్రకటించాక, గెలిచినవారి పేరు ప్రకటించకముందు, కారణాలు రాసి మళ్లీ లెక్కించమని అడగవచ్చు. ఆ సందు నిమిషాలలోనే మూసుకుపోతుంది. అది దాటితే మిగిలేది హైకోర్టులో ఎన్నికల పిటిషన్. దానికి ఫలితం వచ్చిన రోజు నుంచి 45 రోజులు. చేవెళ్ల ఫలితానికి ఆ లెక్కన గడువు 2024 జనవరి 17, అంటే సంక్రాంతి పిండివంటలు అయిపోయేలోగా. ఒక్క రోజు ఆలస్యమైనా జ్వరమొచ్చిందనో, వకీలు దొరకలేదనో చెప్పి క్షమించమనే వీలు ఈ చట్టంలో లేదు.

మనలో చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి. ఈ పిటిషన్ ఓడిన అభ్యర్థే వేయాలని లేదు. ఆ నియోజకవర్గంలో ఓటున్న ఎవరైనా వేయవచ్చు. డిపాజిట్ రెండు వేల రూపాయలు. వకీలు ఫీజు వేరే సంగతి అనుకోండి.

పోలింగ్‌కు ముందే కోర్టుకు ఎందుకు పోకూడదు అని కూడా అడుగుతారు. రాజ్యాంగం 329వ అధికరణ అడ్డం. నోటిఫికేషన్ వచ్చాక ఎన్నిక పూర్తయ్యేదాకా కోర్టులు జోక్యం చేసుకోవు. ఏ గొడవైనా ఫలితం తర్వాత పిటిషన్‌లోనే తేల్చుకోవాలి. దేశంలో మొదటి సాధారణ ఎన్నికల వేళ మద్రాసు రాష్ట్రంలోని నమక్కల్‌లో పొన్నుస్వామి అనే ఆయన నామినేషన్ తిరస్కరించారు. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్తే 1952లో కోర్టు ఇదే చెప్పింది. దీంట్లో న్యాయం ఉంది. లేకపోతే ప్రతి ఎన్నికా స్టేలతోనే ఆగిపోయేది. కానీ దీనికి ఒక షరతు ఉండాలి కదా: తర్వాత విచారిస్తామన్నవాళ్లు త్వరగా విచారించాలి.

త్వరగా అయిన కేసు ఒకటి మన పక్కనే ఉంది. ఇప్పటి చేవెళ్ల లోక్‌సభ పరిధిలోని తాండూరు. మనకు తాండూరు అంటే నాపరాళ్లు, కందిపప్పు. ఎన్నికల చట్టం చదివినవాళ్లకు మాత్రం తాండూరు అంటే 1967.

అంతకుముందు ఎన్నికల వివాదాలు ట్రిబ్యునళ్లకు వెళ్లేవి. 1966లో చట్టం మార్చి నేరుగా హైకోర్టులకు అప్పగించారు. ఆ తర్వాత వచ్చిన మొదటి సాధారణ ఎన్నికలు 1967వి. తాండూరు నుంచి మర్రి చెన్నారెడ్డి గారు గెలిచారు. ఆయనది ఇప్పటి వికారాబాద్ జిల్లా సిరిపురం. మన మొయినాబాద్ మండలం పెద్దమంగళారంలో పుట్టిన కొండా వెంకట రంగారెడ్డి గారికి మేనల్లుడు. గెలిచిన ఏడాదే కేంద్రంలో ఉక్కు, గనుల శాఖ మంత్రి అయ్యారు. ఆయన ఎన్నికను సవాలు చేసింది వందేమాతరం రామచంద్రరావు గారు. నిజాం జైలులో కొట్టిన ప్రతి దెబ్బకూ వందేమాతరం అన్నారని ఆయన ఇంటి పేరే మారిపోయింది. అటువైపు కేంద్ర మంత్రి, ఇటువైపు జైలుకెళ్లొచ్చిన ఆర్యసమాజీ.

1968లో హైకోర్టు ఆ ఎన్నికను రద్దు చేసింది. అక్రమ పద్ధతులు రుజువయ్యాయంది. సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పును సమర్థించింది. ఎన్నిక జరిగిన రెండేళ్లలోపే రెండు కోర్టుల్లోనూ తేలిపోయింది. మంత్రి పదవి పోయింది, ఆరేళ్లు పోటీ చేయకూడదన్న అనర్హత పడింది. ఆ తర్వాతి కథ మన పెద్దలకు తెలుసు. 1969 తెలంగాణ ఉద్యమంలో ఆయన తెలంగాణ ప్రజా సమితికి నాయకుడయ్యారు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో ఆ పార్టీ తెలంగాణలోని 14 స్థానాల్లో 10 గెలిచింది, కానీ అనర్హత వల్ల నాయకుడు పోటీలో లేరు. 1978లో ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ఏడాది ఆగస్టు 15న మన జిల్లా ఏర్పడింది, మేనమామ పేరుతో.

ఈ కథను ఎందుకు ఇంత సేపు చెప్పానంటే, అందులో తీర్పు పనిచేసింది. గెలిచిన మనిషి పెద్దవాడా చిన్నవాడా అని చూడలేదు, పదవీకాలం అయిపోయేదాకా ఆగలేదు. ఆయన మళ్లీ జనంలోకి వెళ్లి మళ్లీ గెలిచారు, అదీ సక్రమమే.

పాత రోజులన్నీ బాగున్నాయని అనడం లేదు. 1971 రాయ్‌బరేలీ ఎన్నిక మీద రాజ్ నారాయణ్ గారు వేసిన పిటిషన్‌లో అలహాబాద్ హైకోర్టు తీర్పు 1975 జూన్ 12న వచ్చింది. నాలుగేళ్లు. ఆ తీర్పు మా శాఖవాళ్లు తప్పక చదవాల్సింది. ఇందిరాగాంధీ గారి ఎన్నిక రద్దుకు కారణాల్లో ఒకటి, ప్రజాపనుల శాఖ ఇంజినీర్ సభావేదికలు కట్టించడం, విద్యుత్ శాఖ ఇంజినీర్ మైకులకు కరెంటు ఏర్పాటు చేయడం. ప్రధాని సభకు వేదిక కట్టమంటే కట్టని ఇంజినీర్ ఎవరు? కానీ ఆ సభ ఎన్నికల సభ అయినప్పుడు ఆ కర్రలకు, ఆ వైర్లకు చట్టంలో వేరే పేరుంది. తర్వాత చట్టాన్నే వెనక తేదీ నుంచి మార్చారు, నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆ ఎన్నికను నిలబెట్టింది. అది పెద్ద కథ.

ఇక మన కాలానికి వస్తాను. ఎన్నికల పిటిషన్‌ను ఆరు నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని ప్రజాప్రాతినిధ్య చట్టంలో స్పష్టంగా రాసి ఉంది. 2018 డిసెంబర్ 11న తెలంగాణ అసెంబ్లీ ఫలితాలు వచ్చాయి. కొత్తగూడెంలో వనమా వెంకటేశ్వరరావు గారు అఫిడవిట్‌లో ఆస్తుల వివరాలు దాచారని ఓడిన జలగం వెంకట్రావు గారు పిటిషన్ వేశారు. హైకోర్టు తీర్పు 2023 జూలై 25న వచ్చింది. ఎన్నిక చెల్లదు, జలగం గారే గెలిచినట్టు అంది. ఆగస్టు 7న సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. గద్వాలలో బండ్ల కృష్ణమోహన్ రెడ్డి గారి మీద డి.కె. అరుణ గారు వేసిన కేసు కూడా అంతే. ఆగస్టు 24న తీర్పు, సెప్టెంబర్‌లో స్టే. నవంబర్ 30న మళ్లీ పోలింగే వచ్చేసింది. కొత్తగూడెంలో ఆ ఇద్దరూ కాక సీపీఐ నుంచి కూనంనేని సాంబశివరావు గారు గెలిచారు. గద్వాలలో కృష్ణమోహన్ రెడ్డి గారే మళ్లీ గెలిచారు.

ఎవరు తప్పు, ఎవరు ఒప్పు అన్నది నేను చెప్పను. నాలుగున్నరేళ్లు అన్నదే నా బాధ. కాంక్రీటు పోసినప్పుడు మేం క్యూబులు తీసి 28 రోజులకు నలగ్గొట్టి చూస్తాం. బలం లేకపోతే అప్పుడే స్లాబు ఆపుతాం. బిల్డింగ్ కట్టి, కాపురాలుండి, పాతబడి కూల్చే ముందు క్యూబు రిపోర్టు వచ్చిందనుకోండి. రిపోర్టు ఎంత నిజమైనదైనా ఎవరికి పనికొస్తుంది? నిజంగా తప్పు చేసినవాడు ఐదేళ్లూ అనుభవిస్తాడు. తప్పు చేయనివాడు ఐదేళ్లూ దొంగ అనిపించుకుంటాడు. ఆలస్యం ఇద్దరికీ అన్యాయమే. ఎన్నికల పిటిషన్లకు ఒక జడ్జిని కేటాయించి, వేరే పని పెట్టకుండా రోజూ వినిపిస్తే తప్ప ఆ ఆరు నెలల మాట కాగితం మీదే ఉంటుందని నా అభిప్రాయం. ఇక్కడ వకీళ్లయిన మన పూర్వ విద్యార్థులు ఉన్నారు, కాదంటే చెప్పండి.

ధర్మపురి కేసు ఇంకో రకం. 2018లో తేడా 441. పిటిషన్ నడుస్తుండగా 2023 ఏప్రిల్‌లో స్ట్రాంగ్ రూమ్ తెరవమని హైకోర్టు ఆదేశించింది. తీరా చూస్తే తాళంచెవులు లేవు. చివరికి కోర్టు అనుమతితో తాళాలు పగలగొట్టారు. యంత్రంలో ఏముందో తర్వాత సంగతి, ముందు గది తెరుచుకోవాలి కదా! యంత్రాల మీద నన్ను అందరూ అడుగుతారు, హైదరాబాద్‌లోని ఈసీఐఎల్‌లోనే అవి తయారవుతాయి కాబట్టి. 2019లో చంద్రబాబు నాయుడు గారితో సహా 21 పార్టీల నాయకులు వేసిన పిటిషన్‌లో సుప్రీంకోర్టు, వీవీప్యాట్ చీటీలు లెక్కించే బూత్‌లను నియోజకవర్గానికి ఒకటి నుంచి ఐదుకు పెంచింది. 2024 ఏప్రిల్ 26న, అన్ని చీటీలూ లెక్కించాలన్న కోరికను కాదంటూనే, రెండో, మూడో స్థానంలో వచ్చిన అభ్యర్థి ఫలితం వచ్చిన ఏడు రోజుల్లో అడిగితే 5 శాతం యంత్రాల మెమొరీని తయారీ సంస్థ ఇంజినీర్లతో పరీక్షించాలంది. ఇది నాకు నచ్చిన తీర్పు. నమ్మండి అనడం కంటే పరీక్షించుకోండి అనడం మేలు.

డబ్బు గురించి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే చట్టమే దాన్ని తొందరగా వదిలేసింది. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. కుర్చీకి ఎంత, టీకి ఎంత అని జిల్లా ఎన్నికల అధికారి రేట్లు కూడా నిర్ణయిస్తారు, మా ఎస్‌ఎస్‌ఆర్ లాగే. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క ఇవ్వాలి. 40 లక్షల్లో ఐదు మండలాలు తిరిగిరావడం సాధ్యమా అని నేను ఎస్టిమేట్ వేయను, మీరే వేసుకోండి. 1974లో సుప్రీంకోర్టు, పార్టీ పెట్టిన ఖర్చు కూడా అభ్యర్థి ఖాతాలోకే రావాలంది. అదే ఏడాది ఆర్డినెన్స్ తెచ్చి ఆ తలుపు తెరిచేశారు. అభ్యర్థికి పరిమితి ఉంది, పార్టీకి లేదు. ఇంటి ముందు గేటు వేసి వెనక గోడ కట్టకపోవడం ఇది. పార్టీకి డబ్బు ఎవరిచ్చారో తెలియకుండా చేసిన ఎన్నికల బాండ్లను 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేశాక పేర్లు బయటికొచ్చాయి. 966 కోట్లతో దేశంలో రెండో స్థానంలో నిలిచింది మన హైదరాబాద్ మేఘా ఇంజినీరింగ్. పార్టీల్లో బీజేపీకి ఆరు వేల కోట్లకు పైగా, కాంగ్రెస్‌కు 1,400 కోట్లకు పైగా, బీఆర్ఎస్‌కు 1,200 కోట్లకు పైగా. ఓటరుగా నాకు ఆ లెక్క ముందే తెలియాల్సింది. అభ్యర్థి ఇచ్చిన ఖర్చుల లెక్కను ఎవరైనా ఒక్క రూపాయి ఫీజు కట్టి చూడవచ్చు. ముప్పై ఏళ్లలో అలా అడిగినవాళ్లు నాకు ఎదురుపడలేదు.

మొయినాబాద్ అనగానే 2022 అక్టోబర్ నాటి ఫామ్‌హౌస్ కేసు గుర్తుకొస్తుంది, దాన్ని దాటేశానని మీరనుకోకూడదు. ఎమ్మెల్యేలను కొనబోయారన్న ఆరోపణ అది. హైకోర్టు దాన్ని సీబీఐకి అప్పగించమంది. అది ఎన్నికల పిటిషన్ కాదు. కానీ మన నియోజకవర్గానికి దగ్గరి విషయమే ఒకటుంది. 268 ఓట్లతో గెలిచిన యాదయ్య గారు 2024 జూన్‌లో కాంగ్రెస్‌లో చేరారు. పార్టీ మారారంటూ ఫిర్యాదులు ఎదుర్కొంటున్న పదిమంది ఎమ్మెల్యేల్లో ఆయన ఒకరు. జూలై 31న సుప్రీంకోర్టు, మూడు నెలల్లో తేల్చమని స్పీకర్‌కు చెప్పింది. స్పీకర్ గడ్డం ప్రసాద్ కుమార్ గారు మన పక్క వికారాబాద్ ఎమ్మెల్యే. ఇక్కడ కూడా గొడవ మళ్లీ గడియారం గురించే అని గమనించండి.

గడియారం ఏ కోర్టూ తిప్పలేని చోటు ఒకటుంది. ఓటరు జాబితా. నామినేషన్ల చివరి గంట దాటాక జాబితాలో పేరు చేర్చకూడదు, తీయకూడదు. తర్వాత ఎన్నికల పిటిషన్ వేసి జాబితా తప్పని వాదించినా వినరు, జాబితా అంతిమమని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పేసింది. రాష్ట్రంలో 2015లో ఆధార్‌తో కలిపి నకిలీ ఓట్లు ఏరే పని మొదలైంది. ఆ ఆగస్టులో సుప్రీంకోర్టు ఆధార్ ఉత్తర్వుతో ఆగింది. 2018 పోలింగ్ రోజు కార్డులు పట్టుకొచ్చి పేరు లేక తిరిగిపోయినవాళ్లు ఎందరో, అంతర్జాతీయ క్రీడాకారిణి గుత్తా జ్వాలతో సహా. అంతకుముందే జాబితా తప్పుల మీద కోర్టుకెక్కినవారిలో మర్రి శశిధర్ రెడ్డి గారు ఒకరు, చెన్నారెడ్డి గారి కుమారుడు. ఈ ఏడాది బీహార్‌లో 65 లక్షల పేర్లు ముసాయిదాలో లేకపోతే, ఆ పేర్లన్నీ కారణాలతో ప్రకటించమని ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది.

నేను సెక్టార్ అధికారిగా ఉన్న ఒక ఎన్నికలో డెబ్బై దాటిన పెద్దాయన కార్డు చూపించి, "నేను బతికే ఉన్న గద సారూ" అన్నాడు. జాబితాలో ఆయన పేరు లేదు. భార్య పేరు ఉంది, చనిపోయి మూడేళ్లయిన ఆమె పేరు. కార్డు ఉంటే ఓటు ఉన్నట్టు కాదు, జాబితాలో ఉంటేనే ఓటు. ఆ మాట ఆయనకు చెప్పాల్సింది నేనే. ఆయన కోప్పడలేదు, కార్డును ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని జేబులో వేసుకున్నాడు. ఎండ బాగా ఉంది, మా జీపులో దింపుతామంటే వద్దన్నాడు. అక్కడ ఏ కోర్టుకూ పని లేదు, ఆయన తరఫున ఎవరూ పిటిషన్ వేయరు. నెల ముందు జాబితా చూసినవాళ్లు ఇంట్లో ఉంటే సరిపోయేది.

పేరు ఉన్నా మీ ఓటు వేరేవాళ్లు వేసి వెళ్తే తిరిగిపోకండి. టెండర్ ఓటు అడగండి. టెండరంటే మా శాఖలో వేరే అర్థం, ఇక్కడ కాగితం బ్యాలెట్ ఇస్తారు. మామూలు లెక్కింపులో అది కలవదు, కానీ రేపు కోర్టులో 268 మీద వాదన వస్తే అదే సాక్ష్యం. దొంగ ఓటని అనుమానం వస్తే ఏజెంటు రెండు రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పవచ్చు. పోలింగ్ అయ్యాక 17సి ఫారం నకలు ఏజెంట్లు తప్పక తీసుకోవాలి. అది మాకు ఎంబీ లాంటిది. కొలత రాసుకోని పనికి బిల్లు రాదు.

మన ఊళ్లలో సర్పంచుల పదవీకాలం 2024 మొదట్లోనే అయిపోయింది. ఎన్నికలు పెట్టమని హైకోర్టు జూన్‌లో మూడు నెలల గడువిచ్చింది. రిజర్వేషన్ల సంగతి ఎలా తేలినా నోటిఫికేషన్ ఎప్పుడైనా రావచ్చు, పంచాయతీ ఓటరు జాబితా కూడా అసెంబ్లీ జాబితా మీదే తయారవుతుంది.

అందుకని మన చుట్టుపక్కల ఊళ్ల జాబితాలు వెబ్‌సైట్ నుంచి ప్రింట్ తీసి తెచ్చాను. సైన్స్ గదిలో టేబుల్ మీద ఉన్నాయి, చేర్చడానికి 6వ నంబర్, మార్పులకు 8వ నంబర్ ఫారాలు కూడా. పదిహేడు నిండిన పిల్లలు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు, పిలుచుకురండి. భోజనాల క్యూ ఎలాగూ పొడుగ్గానే ఉంది, ఆ సేపట్లో ఇంట్లోవాళ్ల పేర్లు చూసుకోండి. లెక్కల సార్, మీ పేరు నేను చూశాను, ఉంది. కాకపోతే మీ వయసు 47 అని వేశారు. 8వ నంబర్ ఫారం నింపి పెట్టాను, సంతకం చేస్తారో, అలాగే ఉంచేస్తారో మీ ఇష్టం.